ఉప్పల్‌కు పాట వచ్చిన దారి

ఉప్పల్, నాచారం అంటే ఫ్యాక్టరీ సైరన్లు, షిఫ్టు బస్సులు. కచేరీ వినాలంటే రవీంద్రభారతికో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో వెళ్లాలి. తిరిగి రావడానికి రాత్రిపూట బస్సు దొరికేది కాదు. అందుకే 1980ల మొదట్లో, మేం హైస్కూల్లో ఉన్నప్పుడు, శాస్త్రీయ సంగీతం మాకు రేడియోలో, రికార్డుల్లోనే దొరికింది.

హైదరాబాద్ రేడియోది పాత చరిత్రే. 1935లో దక్కన్ రేడియోగా మొదలై 1950లో ఆకాశవాణిలో కలిసింది. గ్రామఫోన్ అంతకంటే ముందుది. 78 చుట్ల రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలే. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్ ఆ కాస్త వ్యవధిలోనే రాగాన్ని కళ్లకు కట్టేది. కొలత ముందే బిగించి పని అప్పగిస్తే ఎంత కష్టమో ఇంజినీరుగా నాకు తెలుసు.

తర్వాత ఎల్పీ వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా. నాకు ఇష్టమైనవి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు. గొంతు మంద్రానికి దిగినా ఒక్క అక్షరం మసకబారదు. ఆ రామదాసు చెర అనుభవించిన గోల్కొండ మన నగరానికి పడమటి కొస, మన ఉప్పల్ తూర్పు కొస.

ఇక ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి ‘బాలాజీ పంచరత్నమాల’. అందులోని అన్నమయ్య పాటలు మనల్ని ఆలోచింపజేయాలి. తిరుమల రాగిరేకుల్లో సాహిత్యం దొరికింది, రాగాల పేర్లు దొరికాయి. వరుసలు మాత్రం దొరకలేదు. నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి విద్వాంసులు చాలా పాటలకు కొత్తగా స్వరాలు కూర్చాల్సి వచ్చింది. రాగిరేకు పాటలో సగాన్నే దాచగలిగింది. మిగతా సగాన్ని దాచే వీలు మన తరానికి ఉంది.

మిత్రులారా, మీ ఇళ్లలో అటక మీద పాత క్యాసెట్లు ఉండే ఉంటాయి. రేడియో నుంచి పట్టుకున్న కచేరీ కావచ్చు, అమ్మమ్మ పాడిన మంగళహారతి కావచ్చు, మన వార్షికోత్సవంలో టీచరుగారు పాడిన కీర్తన కావచ్చు. బజారులో దొరికే రికార్డులకు నకళ్లు ఎన్నో ఉంటాయి. వీటికి ఉన్నది ఆ ఒక్కటే. టేపు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడిపోతుంది. బూజు కనిపిస్తే ఆడించకండి, ముందు శుభ్రం చేయించండి. బాగున్నవాటిని కంప్యూటర్లోకి ఎక్కించి రెండు చోట్ల దాచండి. ఎవరు పాడారో, ఏ ఏడో పక్కనే రాసిపెట్టండి. టేప్ రికార్డరు లేనివారు నాకు చెప్పండి. నా దగ్గర పనిచేసేది ఒకటుంది.