ఘాటు దారిలో పాత బండి

విశాఖపట్నము నుండి బయలుదేరి శృంగవరపుకోట దాటిన పిమ్మట అనంతగిరి ఘాటు దారి ఆరంభమగును. సముద్రతీరమున బయలుదేరిన బండి సుమారు 115 కిలోమీటర్లు నడచి, సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకు లోయను చేరవలెను. పాత మోటారు సైకిలు మెరుపును బజారులో చూడవచ్చును. దాని నిజమును మాత్రము ఇట్టి దారియే చెప్పును.

కొన్ని ఏండ్ల క్రిందట మేమొక పాత బుల్లెట్టును కొంటిమి. కొత్త నల్లరంగును, టాంకుపై బంగారు గీతలను చూచి మురిసితిమి. బండి కొండను బాగుగనే ఎక్కినది. దిగునపుడు గాలికొండ మలుపుల వద్ద బ్రేకు పట్టు సడలినది. గేరు దించి, ఇంజను బిగువుతో ఎట్లో నిలిపితిమి. ఇంటికి వచ్చి చక్రము విప్పగా బ్రేకు లైనింగు నూనెలో నానియున్నది. చట్రముపై నున్న సంఖ్యను ఆకురాయితో అరగదీసి, మరల కొట్టియున్నారు. రంగు క్రింద బండి చరిత్ర అంతయు చెరిగిపోయినది. నాటి నుండి మాకు పాత బండి అలంకార వస్తువు కాదు, ఒక సాక్షి.

ఆ చరిత్ర చిన్నది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 1932లో బుల్లెట్ అను పేరు పెట్టినది. స్వాతంత్ర్యానంతరము మన సైన్యము సరిహద్దు గస్తీకి ఈ బండినే ఎన్నుకొన్నది. 1955లో మద్రాసు మోటార్సుతో కలసి ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో ఉత్పత్తి సాగించినది. రెడ్డిచ్‌లో తల్లి కర్మాగారము మూతపడినను ఇచ్చట బిడ్డ బ్రదికినది. కావున బుల్లెట్టు భాగములు నేటికిని దొరకుచున్నవి. మైసూరులో 1961 నుండి జావాలను చేసిన ఐడియల్ జావా 1996లో మూతపడినది. ఆనాటి జావాను కొన్నవారు భాగములకై ఊరూర వెదకుటయో, లేతు వద్ద చేయించుకొనుటయో తప్పదు. కొనుటకు ముందే ఈ లెక్క చూచుకొనవలెను.

పందెపు బండ్ల కథ వేరు. మద్రాసుకు ఉత్తరాన షోలవరములో, యుద్ధకాలపు విమానాశ్రయపు రన్‌వేలపై మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు కొన్ని దశాబ్దములు పందెములు నడపినది. అచ్చట పరుగెత్తినవానిలో పెక్కు వాడుక బండ్లే. దీపములు, మడ్‌గార్డులు విప్పి, ఇంజనును సానపట్టి పందెమునకు దింపెడివారు. పిస్టను మారును, కార్బురేటరు మారును, చట్రమునకు అతుకు పడును. అట్టి బండిని అమ్మువారు ‘అన్నియు అసలు భాగములే’ యన్నచో నమ్మరాదు. ఆ మార్పులే దాని చరిత్ర. వెల్డింగు మచ్చను పుట్టీతో కప్పక నిలుపుటయే నిజమైన పునరుద్ధరణ.

సైడ్‌కారు పందెములకు 1949 నుండి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కలదు. తొలి విజేత నార్టన్ బండి నడిపిన ఎరిక్ ఆలివర్. ఈ పందెములలో తోడుగా ఎక్కువాడు మూటవలె కూర్చుండడు. మలుపు మలుపునకు తన బరువుతో చక్రమును నేలకు అదిమి పట్టును. మన దేశమున సైడ్‌కారు బండికి ఎడమవైపున నుండును గనుక, ఎడమ మలుపులో అది పైకి లేవజూచును. ఘాటు దారిలో ఇది ప్రాణముతో ముడివడిన సంగతి. కొనువారు గద్దె మెత్తదనము కంటె ముందు బిగింపులను, చక్రముల వరుసను చూడవలెను.

2021లో కేంద్ర ప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. ఏబది ఏండ్లు దాటి, ఇంజనులోను చట్రములోను పెద్ద మార్పు లేని బండిని ‘వింటేజి’గా నమోదు చేయుదురు. కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అట్టి బండి ప్రదర్శనలకు, ర్యాలీలకే గాని నిత్యప్రయాణమునకు కాదు. మార్పులే చరిత్రగా గల పందెపు బండికి ఈ తలుపు సులభముగ తెరచుకొనదు. అందుచేత యజమాని వ్రాసి ఉంచుకొన్న మరమ్మతుల పుస్తకమే దానికి జాతకము.

బండికే కాదు, దారికిని చరిత్ర కలదు. అరకుకు నైరుతిన గూడెం మన్యమున, తహసీల్దారు బాస్టియన్ నాళ్లలో రోడ్డు పనికి గిరిజనులను చాలీచాలని కూలికి బలవంతముగ దింపిరి. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చెలరేగిన పోరాటమునకు ఆ అన్యాయమొక కారణము. బండి గతమును రంగు కప్పినట్లు, ఆ చెమటను తారు కప్పినది. పాత బండిని బాగుచేసి కొండ ఎక్కువారు దాని సంఖ్యను, మచ్చలను చెరపకుందురు గాక. మలుపులో ఇంజను చల్లారుటకు ఆగినపుడు, మన్యమున దారులు కొట్టిన చేతులను ఒక్కసారి తలచుకొందురు గాక.