మార్గదర్శి : ఒక మాట చరిత్ర

బల్లార్‌పూర్ చెంతనున్న బామ్నిలోని తెలుగు బాలుడు ఇంట 'తొవ్వ' యనును. వీథిలో 'వాట్' అనును. తెలుగు వాచకము తెరచినపుడు 'మార్గము' అని చదువును. మూడు మాటలకును అర్థమొక్కటియే యని తోచును. కాని పరులకు దారి చూపువానిని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఇవి మూడును మూడు వైపులకు పోవును. ఆ భేదమును, దాని వెనుకనున్న కొంత చరిత్రను పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

సంస్కృతమున 'మార్గ' శబ్దము 'మృగ' శబ్దమునకు సంబంధించినది. మృగము నడచిన జాడ, ఆ జాడను వెదకుట, పిమ్మట మనుష్యులు నడచు దారి, ఈ విధముగా అర్థము విస్తరించెను. చాందా పట్టణమును గూర్చిన ఐతిహ్యము ఈ వ్యుత్పత్తికి వ్యాఖ్యానమా యనునట్లుండుట వింత. 15వ శతాబ్దినాటి గోండురాజు ఖాండక్యా బల్లాళ్‌షా వేటకు వెడలగా నొక కుందేలు ఆతని కుక్కను తరిమెనట. రాజు ఆశ్చర్యపడి యింటికి వచ్చి రాణితో చెప్పగా, ఆ రెండును పరుగెత్తిన జాడ వెంబడి కోటగోడ కట్టింపుమని ఆమె పలికెనట. నేటి చంద్రపూర్ ప్రాకారము ఆ జాడయేనని జనులు చెప్పుకొందురు. ఇది చరిత్ర కాదు, కథ మాత్రమే. ఐనను ఇందు జాడను చూచినవాడు రాజు. దాని నుపయోగించు విధము చూపినది రాణి.

చూచుటకును చూపుటకును గల ఈ వ్యత్యాసమే 'మార్గదర్శి' పదమునందు దాగియున్నది. 'దర్శి' యనగా ప్రధానముగా చూచువాడు, 'దర్శకుడు' చూపువాడు. దూరదర్శి దూరమును చూచును గాని యొరులకు చూపవలెనను నియమము లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని ధర్మశాసనములు గలవు. వానియందు ఆ చక్రవర్తికి గల 'పియదసి', అనగా ప్రియదర్శి, యను పేరునందును చూచుటయే ముఖ్యము. మరాఠీవారు సాధారణముగా 'మార్గదర్శక' రూపమును వాడుదురు. తెలుగువారు మార్గదర్శకుడని వ్రాయుట లేకపోలేదు గాని, 'మార్గదర్శి'కే పెద్దపీట వేసి, చూపువాడను అర్థమును దానికే కట్టబెట్టిరి. వైయాకరణులు దీనికి కొంత ముఖము చిట్లింపవచ్చును. కాని తాను చూడని దారిని పరులకెట్లు చూపగలడు? వ్యవహారము వ్యాకరణముకంటె ఇచట తెలివైనదేమో!

ఇక తెలుగు మాటలు. 'బాట' మరాఠీ 'వాట్'నకు చుట్టము. సంస్కృత 'వర్త్మ' శబ్దమునుండి ప్రాకృతము మీదుగా వచ్చినవని పండితుల మతము. ఆ 'వాట్' నుండియే దారి చూపువానికి మరాఠీలో 'వాటాడ్యా' యను చక్కని పేరేర్పడినది. దారి, తెరువు, తెన్ను, త్రోవ మన సొంత సొత్తు. వీనిలో 'తెన్ను' నేడు 'దారీ తెన్నూ' అను జంటలోనే ప్రాణము నిలుపుకొనుచున్నది. 'తెరువు' బ్రతుకుతెరువునందు వెలుగుచున్నది. దారికి తెచ్చుట యనిన మందలించుట. దారిన పెట్టుట యనిన స్థిరపరచుట. "వీనికొక దారి చూపుడు" అని తల్లి యెవరినైన వేడుకొనినచో ఆమె కోరునది ఉపదేశము కాదు, ఉద్యోగము. ఇట్లు తెలుగువాని నోట దారి చూపుట కూటితో ముడివడినది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుదారి పూర్తి యగుటతో తెలంగాణ పల్లెలకు బల్లార్‌పూర్ దగ్గరయ్యెను. బొగ్గుగనులు, 1945లో స్థాపితమైన కాగితపు మిల్లు సంస్థ కూలికి పిలుచు తావులయ్యెను. ఇట్టి తావులకు పోవు పల్లెవానికి ముందుగా వచ్చి కుదురుకొన్న బంధువో, ఊరివాడో 'తొవ్వ చూపెట్టినవాడు' అగును. అతడు ఉపన్యాసమీయలేదు, తన గుడిసెలో చోటిచ్చి, మేస్త్రీకి చెప్పి, పనిలో పెట్టించెను.

కాని యొకప్పుడు నిజముగా దారి చూపినవానికి గౌరవము దక్కలేదు. మహారాష్ట్ర గ్రామములలో బాటసారులకు, పర్యటించు అధికారులకు దారి చూపుట మహారుల వంశపారంపర్య విధులలో నొకటి. ఊరి పొలిమేరలన్నియు తెలిసినవాడు అతడే. ఊరిలోపల నివసింప వీలులేనివాడును అతడే. వర్ధా నదికి ఆవలనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆ రాజ్యమున అధికారి గ్రామమునకు వచ్చినచో సామానులు మోయుట, ముందు నడచుట మొదలగునవి వెట్టిగా చేయవలసి యుండెను. వెట్టికి వ్యతిరేకముగా జరిగిన కృషిని మాడపాటి హనుమంతరావుగారు 'తెలంగాణా ఆంధ్రోద్యమము'న వివరించిరి. మహార్ వతనుల విషయమున డాక్టర్ అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లును ప్రవేశపెట్టిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. కావున వేదికపై కూర్చున్న పెద్దను 'మార్గదర్శి' యని పొగడునపుడు, ఎండలో గుఱ్ఱమునకు ముందు పరుగెత్తి అదే పని చేసినవానికి ఏ బిరుదును లేకుండెనని గుర్తుంచుకొనవలెను.

ఆ జనుల చరిత్రలో 1956 అక్టోబరు 16వ తేదీ చాందాపట్టణమునకు ప్రసిద్ధి తెచ్చినది. నాగపూర్ దీక్షకు రెండు దినముల పిమ్మట అంబేద్కర్ ఇచట బౌద్ధదీక్ష నిప్పించిరి. 1957లో, ఆయన మరణానంతరము వెలువడిన 'బుద్ధుడు–ఆయన ధమ్మము' అను ఆంగ్లగ్రంథమున బుద్ధుడు 'మార్గదాత'యే గాని 'మోక్షదాత' కాడని నిరూపించిరి. దీనికి మజ్ఝిమనికాయములోని మొగ్గల్లాన వృత్తాంతము ఆధారము. రాజగృహమునకు దారి యడిగిన యిద్దరిలో, చెప్పిన గుర్తులను బట్టి యొకడు చేరును, ఒకడు తప్పిపోవును. అందుకు చెప్పినవాడేమి చేయగలడు? తథాగతుడును దారి చెప్పువాడు మాత్రమే. తరతరములుగా దారి చూపుట ఊడిగముగా చేసినవారు, తమ గురువునకు ఆ పనినే బిరుదుగా స్వీకరించిరి. ఒక మాటకు ఇంతకంటె పెద్ద పదోన్నతి అరుదు.

చివరకు బామ్ని బాలుని కష్టము. మరాఠీ పత్రికలలో సభావార్త వ్రాయునపుడు ఫలానావారు 'మార్గదర్శన్ కేలే' యని వ్రాయుట పరిపాటి. అనగా ప్రసంగించిరని అర్థము. బాలుడు దానిని 'అతిథిగారు మార్గదర్శనము చేసిరి' అని తెలుగు చేసినచో, తెలుగు పల్లెలోని పెద్ద ఏ యూరికి దారి చెప్పిరని యడుగును. అచట 'మాట్లాడిరి' యనిన చాలును. మార్గదర్శనము జరిగినదో లేదో విన్నవారు తరువాత చెప్పుదురు. బాలుని తాత మాత్రము తన్ను గనిలో చేర్చిన ఊరివానిని తలచుకొన్నపుడు ఈ సంస్కృత పదముల జోలికి పోడు. "ఆయననే మాకు తొవ్వ చూపెట్టిండు" అనును.