ఉత్తరమునుండి చాటింగు వరకు

పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకై దూరదేశములకు వలసపోయిన కాలమున, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో, చదువురాని తల్లి పోస్టుమానుచేత చదివించుకొని, మడిచి కొంగున ముడివేసికొనిన కార్డుముక్కను వ్రాసినది మేస్త్రియే అయినను, అందలి మాట కొడుకుదే. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టును ప్రజలకందించిన పిదప వచ్చిన యాహూ చాట్‌రూములలోనో, అపరిచితుని తొలిప్రశ్న వయస్సు, లింగము, ఊరు. నాడు మారుపేరు చాలియుండెను, ముఖముతో పనిలేకుండెను. 2016 సెప్టెంబరు 5న జియో మొబైలు ఇంటర్నెట్టు సేవలు మొదలయ్యెను. నాటినుండి, అరచేతి వెలుగున తెల్లవార్లు మేల్కొని, ఎన్నడును చూడనివారి ప్రత్యుత్తరమునకై నిరీక్షించు యువకుని ప్రక్కనే, "తిన్నవా బిడ్డా?" యను తండ్రి పలుకరింపు బదులులేక నిలిచిపోవుట నన్ను మిక్కిలి కలతపెట్టుచున్నది.