పరాయి పండుగలు, మన ఇళ్ళు

మన శేరిలింగంపల్లి మండలంలోని మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మన పిల్లలు ఎందరో అమెరికా వెళ్ళారు. "అబ్బాజాన్, స్కూల్లో హాలోవీన్ వేషం వేయమంటున్నారు, వేయించాలా?" అని అక్కడినుంచి ఫోన్లు వస్తుంటాయి. ఇక్కడి ఆఫీసుల్లోనూ డిసెంబరు వస్తే క్రిస్మస్ చెట్టు పెడుతున్నారాయె.

ప్రశ్న కొత్తదేమీ కాదు. 1518లో గోల్కొండలో రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాడే. ఆ వంశంలో 1580లో గద్దెనెక్కిన మహమ్మద్ కులీ దక్కనీలో ఈద్ మీద, షబే బరాత్ మీదనే గాక, ఇస్లాంకంటే పాతదైన నౌరోజ్ మీద, ఇక్కడి వసంతం మీద, మృగశిర వానల మీద కూడా కవిత్వం చెప్పాడు. మృగశిర నాడు మన ఇళ్ళలోనూ చేపలు వండుకుంటూనే ఉన్నాం కదా! సుల్తానుగారి సరదా షరియత్ కాదనుకోండి. అయినా ఋతువు వేరు, ఆరాధన వేరు అన్న వివేకం మన పెద్దలకుండేది.

థాంక్స్‌గివింగ్‌ను అబ్రహాం లింకన్ 1863లో జాతీయ దినంగా ప్రకటించాడు. అది దైవానికి కృతజ్ఞత చెప్పే రోజు గనుక, హలాల్ టర్కీ కోడి తెచ్చి బిస్మిల్లా అని తినే కుటుంబాలున్నాయి, వద్దనేవారూ ఉన్నారు. క్రిస్మస్ సంగతి వేరు. హజ్రత్ ఈసా అలైహిస్సలాం మనకూ ప్రవక్తే గాని, దేవుని కుమారుడనడం మన ఈమాన్‌కు సరిపడదు. ఇంట్లో చెట్టు పెట్టవద్దనే మేమంటాం.

అయితే దీపాలన్నీ పక్కింట్లోనే వెలిగితే పసివాడి మనసు నిలుస్తుందా? 2001లో అమెరికా తపాలా శాఖే ఈద్ స్టాంపు వేసింది. ఈద్ నాడు బిడ్డకు కొత్త బట్టలు తొడిగి, షీర్ ఖుర్మా డబ్బా చేతికిచ్చి, ముందు ఆ పక్కింటికే పంపండి.