తులసిదళం మీద మన ఇళ్ళలో జరిగిన వాదన



పోయిన నెల మన సంఘం ఆదివారం కలయికలో కాఫీలు అయ్యాక మాట పాత సినిమాల మీదికి మళ్ళింది. ఎవరో 1985లో కన్నడంలో వచ్చిన ‘తుళసిదళ’ పేరెత్తారు. అంతే, అరగంట ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. "ఆ తండ్రి అన్నేళ్ళు నమ్మినదాన్ని ఒక్క రాత్రిలో వదిలేసుకున్నాడు" అన్నారు ఒక పెద్దాయన. "అన్నా, మీకు ఆడపిల్ల లేదు కాబట్టి ఆ మాట అనగలిగారు" అంది పక్కనున్న అక్క. ఆయన మాట్లాడలేదు. సినిమా వచ్చి నలభై ఏళ్ళయినా ఈ గొడవ తీరలేదంటే అందులో ఏదో ఉందని మాకనిపించింది. అందుకే ఈ వ్యాసం.

చిన్నవాళ్ళ కోసం ముందుగా కథ చెప్పుకుందాం. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. శ్రీధర్ దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మని మనిషి. ఆయన కూతురు తులసి. ఆ పసిపిల్లకు చేరాల్సిన ఆస్తి కోసం కొందరు ఆమె మీద కాష్మోరా అనే క్షుద్రప్రయోగం చేయిస్తారు. పిల్ల రోజురోజుకీ క్షీణిస్తుంది. డాక్టర్ల వైద్యం ఒకవైపు, మనస్సుకు చేసే చికిత్స ఒకవైపు, మంత్రానికి విరుగుడు ఒకవైపు నడుస్తాయి. పిల్ల బతుకుతుంది. ఏది బతికించిందన్నది మాత్రం రచయిత మనకే వదిలేశాడు.

మన బెంగళూరు తెలుగు ఇళ్ళలో ఆ పత్రిక ఒక ప్రతి వస్తే నాలుగు ఇళ్ళు తిరిగేది. అమ్మలు తెలుగులో చదివేవారు. కన్నడ మీడియంలో చదువుకున్న పిల్లలకు తెలుగు అక్షరాలు రాక, రాత్రి అన్నాలప్పుడు అమ్మ నోట ఆ వారం కథ వినేవాళ్ళం. విన్నాక పెరట్లోకి వెళ్ళాలంటే తోడు కావాల్సొచ్చేది. తరవాత వేమగల్ జగన్నాథరావు దర్శకత్వంలో ‘తుళసిదళ’ సినిమా వచ్చింది. శరత్‌బాబు, ఆరతి ముఖ్యపాత్రలు వేశారు. ఆముదాలవలసలో పుట్టిన శరత్‌బాబు తెలుగు కథలో కన్నడం మాట్లాడుతుంటే మన అవ్వలు "మనబ్బాయే" అని మురిసిపోయారు. కథ మనది, భాష మనం పెరిగినది. అందుకే ఆ సినిమాను మనవాళ్ళు సొంతింటి సంగతిలాగే చర్చించుకున్నారు.

ఆ చర్చలో మూడు పక్షాలుండేవి.

మొదటి పక్షం నమ్మినవాళ్ళది. "ఉన్నవి ఉన్నాయి, చదువుకున్నంత మాత్రాన లేకుండా పోతాయా" అనేవారు. వాళ్ళకు శ్రీధర్ బుద్ధి తెచ్చుకున్న మనిషి.

రెండో పక్షం హేతువాదులది. దీనికి బెంగళూరులో బలమైన నేపథ్యం ఉంది. నేషనల్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన డాక్టర్ హెచ్. నరసింహయ్య 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1976లో మహిమల్నీ మూఢనమ్మకాల్నీ శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. బసవనగుడి చుట్టుపక్కల పెరిగిన మన పిల్లల్లో చాలామంది ఆయన ఉపన్యాసాలు విన్నవాళ్ళే. వాళ్ళకు ఈ కథ మోసంగా కనిపించింది. "రెండు వైపులా సమానంగా చూపిస్తున్నామంటూ చేతబడికి సైన్సు పక్కన కుర్చీ వేశాడు" అన్నారు. తెలుగులో ఇంకా ఘాటుగా అన్నవాళ్ళున్నారు. రంగనాయకమ్మ తన విమర్శ పుస్తకానికి ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పేరే పెట్టారు.

మూడో పక్షం తల్లులది. వాళ్ళెప్పుడూ వాదించలేదు. "పిల్ల కళ్ళ ముందు పోతుంటే నువ్వు నమ్మేదేమిటో గుర్తుంటుందా?" అని ఒక్క మాట అడిగి ఊరుకునేవారు. మా వీధిలో ఒకావిడ జ్వరమొచ్చిన కొడుక్కి డాక్టరు రాసిన మందు వేళకు వేసేది, మెడలో తాయెత్తూ కట్టించింది. దేనివల్ల తగ్గిందని భర్త వెక్కిరిస్తే "తగ్గింది కదా" అంది. ఆ ఇంట్లో అంతకుమించి చర్చ లేదు.

మేము చాలా ఏళ్ళు ఈ మూడో పక్షం వైపే ఉన్నాం. ఇప్పటికీ ఆ తల్లిని తప్పుపట్టం. అయితే ఈ మూడు పక్షాలూ వదిలేసిన మనిషి ఒకరున్నారు. చేతబడి చేసిందని ఎవరి మీద వేలు చూపిస్తారో, ఆ మనిషి.

ఇది మాకు అర్థమయింది 2008లో. రామ్‌గోపాల్ వర్మ హిందీలో ‘ఫూంక్’ తీశాడు. మన కర్ణాటక సుదీప్ అందులో హీరో. థియేటర్లో ఒక్కరే కూర్చుని చూస్తే అయిదు లక్షలిస్తానని వర్మ చేసిన ప్రచారం మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది ఆ కథ జగపతిబాబుతో తెలుగులో ‘రక్ష’గా వచ్చింది. అదీ నాస్తికుడైన తండ్రి కథే, కూతురికి చేతబడి జరగడమే. మన అవ్వలు "ఇది తులసే, పేరు మార్చారు" అన్నారు. హిందీ సినిమాలో తండ్రి మోసం చేశారని మధు అనే ఆమెనూ ఆమె భర్తనూ పనిలోంచి వెళ్ళగొడతాడు. చేతబడి చేయించింది ఆమే. చివరికి తండ్రి మాంత్రికుడి వెంట ఆమె ఇంటికి వెళ్తాడు. ఆమె చచ్చిపోతుంది, పిల్ల తేరుకుంటుంది. మేము చూసిన ఆటలో ఆ చోట హాలంతా చప్పట్లు కొట్టారు. మాలోనూ కొట్టినవాళ్ళున్నారు.

బయటికొచ్చాక మాతో వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వాళ్ళ కుటుంబం బీదర్ వైపు నుంచి వచ్చింది. "మా ఊళ్ళోనూ ఇట్లాగే పిల్లకు బాగాలేదని ఒక ముసలమ్మ ఇంటి మీదికి వెళ్ళారు. ఆమె దగ్గర మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. ఒంటరిది, అంతే" అన్నారు. తరవాత ఏమయిందో చెప్పలేదు. మేము అడగలేదు.

బీదర్, గుల్బర్గా, మెదక్ సరిహద్దు ఊళ్ళలో దాన్ని బాణామతి అంటారు. సరిగ్గా మనం తులసిదళం చదువుకుంటున్న ఆ 1980లలోనే బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టడం, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టడం, చంపడం అక్కడ జరిగాయి. అలా దెబ్బలు తిన్నవాళ్ళలో ఎక్కువమంది పేదలు, ఎవరి అండా లేనివాళ్ళు. వాళ్ళ మీదికి వెళ్ళినవాళ్ళలోనూ తండ్రులున్నారు. వాళ్ళ ఇంట్లోనూ జబ్బుపడ్డ పిల్లలున్నారు. వాళ్ళకూ కన్నప్రేమ ఉంది. సినిమాలో మనం చప్పట్లు కొట్టిన తండ్రికీ వీళ్ళకూ తేడా ఒక్కటే. సినిమాలో దోషి ఎవరో దర్శకుడు ముందే చూపిస్తాడు. ఊళ్ళో ఎవరూ చూపించరు, అనుమానమే తీర్పు అవుతుంది.

చట్టాలకు ఈ సంగతి తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. మహారాష్ట్రలో డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ ఏళ్ళ తరబడి మూఢనమ్మకాల నిరోధక చట్టం కోసం తిరిగారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ను కాల్చి చంపాక, కొద్దిరోజుల్లోనే ఆర్డినెన్సు వచ్చింది. ఆ డిసెంబరులో అది చట్టమయింది. ఫలానా మనిషి చేతబడి చేస్తున్నాడని ప్రచారం చేసి బతకనివ్వకపోవడం అక్కడ నేరం. పాము, తేలు, కుక్క కరిచినవాళ్ళను వైద్యానికి వెళ్ళనివ్వకుండా మంత్రాలతో సరిపెట్టడమూ నేరమే. అదే ఏడాది ఒడిశాలో మంత్రగత్తెలనే నెపంతో ఆడవాళ్ళను హింసించడాన్ని ఆపే చట్టం వచ్చింది. మన కర్ణాటకలో శాసనసభ 2017లో ఆమోదించిన చట్టం 2020 జనవరిలో అమలుకొచ్చింది. అంటే పుణె, బరంపురం, బెంగళూరు ఎక్కడున్న తెలుగువాళ్ళకైనా ఇప్పుడు ఇలాంటి చట్టం ఉంది.

ఈ చట్టాలు తాయెత్తు కట్టిన తల్లిని జైల్లో పెట్టడానికి రాలేదని మా అభిప్రాయం. ఆమె తన బిడ్డ మెడలో కట్టుకుంది, ఇంకొకరి మెడ మీద చెయ్యి వెయ్యలేదు. డాక్టరు మందూ ఆపలేదు. గీత అక్కడుంది. బిడ్డ కోసం మన నమ్మకాన్ని మనం వదులుకోవచ్చు, పరువు వదులుకోవచ్చు, నలుగురిలో నవ్వులపాలు కావచ్చు. అవన్నీ మనవి. ఇంకొకరి ప్రాణం మనది కాదు. పైగా ఆ ఇంటి మీద రాళ్ళు వేసినంత సేపూ మన పిల్లకు వైద్యం ఆలస్యమవుతూనే ఉంటుంది.

ఆ ఆదివారం లేచి వెళ్ళేముందు ఆ పెద్దాయన అక్కతో అన్నారు: "అమ్మా, నేనైనా ఆ రాత్రి మాంత్రికుడి గడప తొక్కేవాణ్ణేమో. కానీ అతను ఎవరి పేరు చెప్తాడో వినకుండా ఇంటికొచ్చేసే ధైర్యం ఉండాలని దణ్ణం పెట్టుకుంటాను." అక్క నవ్వి ఆయనకు ఇంకో కాఫీ పోసింది.

మీ ఇంట్లో తులసిదళం చదివినవాళ్ళు, సినిమా చూసినవాళ్ళు ఉంటే అప్పట్లో ఏమనుకున్నారో అడిగి రాయండి. ముఖ్యంగా ఊళ్ళో వేలు చూపించబడ్డ ఆ మనిషి సంగతి ఎవరికైనా తెలిస్తే, పేర్లు లేకుండా రాయండి. మన పిల్లలకు దెయ్యం కథలు చాలానే చెప్పాం, ఈ కథ ఇంకా చెప్పలేదు.