జొన్నరొట్టె మెత్తదనం వెనుక మన చరిత్ర

మన పిల్లలను "రొట్టె అంటే ఏది?" అని అడిగితే ఇప్పుడు చాలామంది గోధుమ చపాతీ పేరే చెబుతున్నారు. జొన్నరొట్టె అనగానే "అది గట్టిగా ఉంటది సార్" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టం వేస్తుంది. జొన్నరొట్టె గట్టిది కాదు. చేసే తీరు తెలిసిన చేతిలో అది పొద్దున చేస్తే మాపటిదాకా మెత్తగా ఉంటుంది. గట్టిపడింది రొట్టె కాదు, దానితో మనకున్న సంబంధం. ఆ సంబంధం ఎట్లా తెగుతూ వచ్చిందో చెప్పుకుంటే అది మన నేల చరిత్రే అవుతుంది.

జొన్న పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. వేల ఏండ్ల కిందటే అది మన దేశానికి చేరింది. దక్కను పీఠభూమి నల్లరేగడి దానికి బాగా నచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ కొండల్లో గోండులు, కొలాములు దీన్ని రెండు కాలాల్లో పండించేవారు. తేలిక నేలల్లో వానలు పడగానే వేసే పునాస జొన్న ఒకటి. వానలు వెనకబట్టాక నల్లరేగడిలో మిగిలిన పదునుతోనే పండే యాసంగి జొన్న ఇంకొకటి. యాసంగి పంటకు కాలువ అక్కర లేదు, బావి అక్కర లేదు. భూమి దాచుకున్న తడి, చలికాలపు మంచు చాలు. సాళ్ల మధ్య కంది వేసేవారు. మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలేవారు. గింజ మనిషికి, చొప్ప ఎడ్లకు. అంటే ఒక్క పంటతో ఇల్లూ కొట్టమూ రెండూ నిండేవి.

ఆ గింజతో ఇంట్లో మూడు తీర్ల తిండి అయ్యేది. పొద్దున అంబలి. రవ్వగా విసిరి ఉడికిస్తే గట్క. మెత్తగా విసిరి తడితే రొట్టె. వీటిలో రొట్టెకే పని ఎక్కువ. కోడి కూయకముందే ఆడవాళ్లు లేచి విసుర్రాయి దగ్గర కూర్చునేవారు. ఆ రోజు పిండి ఆ రోజే విసురుకునేవారు. దీనికి కారణం ఉంది. జొన్న గింజలో కొంత నూనె ఉంటుంది. పిండి చేసి నిలవ పెడితే ఆ నూనె చెడి పిండి చేదెక్కుతుంది, జిగి పోతుంది. తాజా పిండితోనే మెత్తని రొట్టె అవుతుందని మన అవ్వలకు చేతి అనుభవంతో తెలుసు.

ఇప్పుడు రొట్టె తట్టే తీరు చూద్దాం. గోధుమ పిండిలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. నీళ్లు తగలగానే అది సాగే దారంలా అల్లుకుంటుంది. అందుకే చపాతీని కర్రతో సులువుగా ఒత్తవచ్చు. జొన్నలో అది లేదు. చల్లనీళ్లతో కలిపితే ముద్ద ఇసుకలా విడిపోతుంది. మరి దేనితో అతుకుతుంది? వేడినీళ్లతో. ఎసరు మరిగాక పిండిలో పోస్తే, పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. గ్లాసు పిండికి సుమారు గ్లాసు నీళ్లు పడతాయి. పిండిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. చిటికెడు ఉప్పు వేసి, మొదట గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా నూరినట్టు పిసకాలి. మొత్తం పిండి ఒక్కసారి పిసికి పెట్టకూడదు. ఒకటి రెండు రొట్టెలకు సరిపోయేంతే తీసుకోవాలి. ముద్ద ఆరితే అంచులు పగులుతాయి.

పొడిపిండి చల్లిన పీట మీద ముద్ద పెట్టి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో తట్టుతూ పోతే రొట్టె గుండ్రంగా విచ్చుకుంటుంది. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేట్టు కాలిన పెంక మీద వేయాలి. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు అద్దాలి. ఈ తడి పొడిపిండిని కడిగేస్తుంది, పైపొరను ఎండిపోకుండా కాపాడుతుంది. తడి ఆరగానే తిరగేయాలి. రెండో వైపు గోధుమరంగు మచ్చలు పడ్డాక పొయ్యి ముందరి నిప్పుల దగ్గర నిలబెడితే, లోపలి తేమ ఆవిరై రొట్టె పొంగుతుంది. పొంగిన రొట్టెలు గుడ్డలో చుట్టి గంపలో పెడితే ఆ ఆవిరితోనే మెత్తబడతాయి. మెత్తదనానికి నూనె అక్కర లేదు, సోడా అక్కర లేదు. కావలసినవి తాజా పిండి, మరిగిన నీళ్లు, ఓపిక గల చెయ్యి.

ఇంత తెలివి ఉన్న తిండి మన పొయ్యి మీది నుంచి ఎట్లా దిగిపోయింది? మొదటి కారణం భూమి. నిజాం కాలంలో అడవికి గీతలు గీసి, ఆ గీతల లోపలి పోడు భూముల నుంచి మన వాళ్లను వెళ్లగొట్టారు. కుమ్రం భీం పోరాటం ఆ భూముల కోసమే. 1940లో జోడేఘాట్‌లో ఆయనను చంపాకే సర్కారు మన గోడు వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాతే హైమెన్‌డార్ఫ్ ఈ కొండలకు వచ్చి మార్లవాయిలో ఉండి మన బతుకును రాశాడు. 1948లో అచ్చయిన ఆయన పుస్తకం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'. కొందరికి పట్టాలు వచ్చాయి. కానీ రోడ్లు పడ్డాక మైదానాల నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి మంచి నల్లరేగడి చాలా వరకు జారిపోయింది. 1970 నాటి 1/70 చట్టం దాన్ని ఆపడానికి వచ్చిందే. అయినా భూమి గొడవ తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తుపాకులు పేలింది కూడా భూమి అడిగినందుకే. యాసంగి జొన్న పండే నల్లరేగడి పోతే గుమ్మిలో జొన్న ఎక్కడిది?

రెండో కారణం పత్తి. ఎరువుల షావుకారు అప్పు ఇచ్చేది పత్తికే గాని జొన్నకు ఇవ్వడు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక ఈ పోకడ ఇంకా పెరిగింది. చేను నిండా తెల్లబంగారం, ఇంట్లో మాత్రం గింజ కొనుక్కునే గతి. చుట్టూ పత్తి ఉండి నడుమ ఒక్కడే జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ అతని చేను మీదే వాలతాయి. అందుకే వేయాలని ఉన్నవాడు కూడా వెనక్కి తగ్గాడు.

మూడో కారణం బియ్యం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తర్వాత రూపాయికే కిలో అయింది. ఈ సంగతి న్యాయంగా చెప్పాలి. ఆ బియ్యం ఎన్నో ఇండ్లలో వానాకాలపు ఆకలిని తీర్చింది. విసుర్రాయి దగ్గర ఆడవాళ్ల రెక్కలు విరగడం తగ్గింది. పాత రోజులన్నీ బంగారమని చెప్పడం ఆ రెక్కల కష్టాన్ని మరవడమే. కానీ బియ్యంతో పాటు ఇంకొక భావం కూడా వచ్చింది. అన్నం తినేవాడు పెద్దవాడు, రొట్టె తినేవాడు వెనకబడ్డవాడు అనే భావం అది. బడికి జొన్నరొట్టె తెచ్చుకున్న పిల్లవాడు డబ్బా మూత సగమే తీసి, మూల కూర్చుని తినడం నేను చూశాను. ఆకలి తీరింది గాని, ఆ సిగ్గు మాత్రం మిగిలిపోయింది.

ఇప్పుడు కాలం తిరగబడింది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లు జొన్నరొట్టె కోసం సాయంత్రం బండ్ల ముందు నిలబడుతున్నారు. వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, పాలిష్ బియ్యంలో అంతకంటే తక్కువ. పీచు కూడా జొన్నలోనే ఎక్కువ. మనం సిగ్గుపడి వదిలిన తిండిని ఇతరులు డబ్బు పెట్టి కొంటున్నారు.

అయితే ఏం చేయాలి? 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల పేరు కూడా ఉంది. రేషన్‌లో జొన్నలు ఇవ్వడానికి చట్టం అడ్డు కాదు. గ్రామసభలో ఈ మాట అడగవచ్చు. ఊరి జొన్నలు కొని ఊరి హాస్టల్‌లోనే వండిస్తే, చేను వేసినవాడికి ధర, పిల్లలకు తిండి రెండూ దొరుకుతాయి. విసుర్రాయి బరువు మళ్లీ ఆడవాళ్ల మీద పడనక్కర లేదు. పిండి గిర్ని ఉంది. వారానికి సరిపడా పట్టించుకుంటే పిండి చేదెక్కదు. రొట్టె తట్టడం మగపిల్లలు కూడా నేర్చుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఒక రోజు పాఠం పక్కన పెట్టి, ఊరిలో రొట్టె బాగా తట్టే అవ్వను బడికి పిలవండి. మరిగిన నీళ్లు ఎందుకు పోస్తారో, రొట్టె ఎందుకు పొంగుతుందో పిల్లలతో అడిగించండి. అందులో సైన్సు ఉంది. ఆమె చిన్నప్పుడు ఆ జొన్న ఏ చేన్లో పండేదో, ఇప్పుడు ఆ చేను ఎవరి చేతిలో ఉందో కూడా అడిగించండి. అందులో చరిత్ర ఉంది. ఆమె చెప్పింది పిల్లలు రాసుకోవాలి. చివరన అందరూ కలిసి ఆ రొట్టె తినాలి, డబ్బా మూత పూర్తిగా తీసి.