మోటారు యంత్రము: రోగనిదానము



మన ఓరుగల్లు సీమ నిజాము రాజ్యములో నుండిన కాలమున, 1932వ సంవత్సరమున, నిజాము రైల్వేవారు 27 మోటారు బండ్లతోను 166 మంది ఉద్యోగులతోను బస్సుల శాఖను స్థాపించిరి. నాటి బండ్లలో దోషము దెలుపు దీపము లేదు. యంత్రము బలహీనపడినచో మేస్త్రీ కన్ను, చెవి, ముక్కులే సాధనములు. నల్లని పొగ పెట్రోలు మితిమీరినదనియు, నీలిపొగ కందెన మండుచున్నదనియు చెప్పెడిది. ఒక్కొక్క సిలిండరునకు నిప్పురవ్వ నాపి చెవియొగ్గెడివారు. దేని నాపినను యంత్రధ్వని మారదో, రోగము దానియందే యున్నదని గ్రహించెడివారు.

అమెరికాలో 1996వ సంవత్సరపు కార్లనుండి, యంత్రము తన్ను తానే పరీక్షించుకొను ఒకేవిధమగు ఏర్పాటు విధింపబడెను. పిమ్మట మన దేశమునను ఆ పద్ధతి ప్రవేశించెను. నేడు క్రాంకుషాఫ్టు వేగములోని తొట్రుపాటును గణకయంత్రము కనిపెట్టి, పసుపుపచ్చని దీపమును వెలిగించును. నాడు మేస్త్రీ చెవి చేసిన పనినే నేడిది చేయుచున్నది.

అయితే దీపము సూచనయే గాని తీర్పు గాదు. పి 0301 అను సంకేతము మొదటి సిలిండరు సరిగా మండుటలేదని మాత్రమే చెప్పును. దోషము ప్లగ్గుదో, కాయిలుదో, ఇంజెక్టరుదో చెప్పదు. ప్రతి సిలిండరునకును వేరు కాయిలున్న బండిలో, దానిని వేరొక సిలిండరునకు మార్చి చూడవలెను. సంకేతము దాని వెంటబోయినచో కాయిలే దోషి; పోనిచో మరియొకటి వెదకవలెను. పరీక్షింపక భాగములు మార్చుట వృథావ్యయము.

దీపము నిలుకడగా వెలుగుచో త్వరలో మేస్త్రీకి జూపవలెను. మిణుకుమిణుకుమనుచో వెంటనే వేగము తగ్గించి బండి నాపవలెను; లేనిచో మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమును కాల్చి చెఱచును.

నాడి చూడక మందిచ్చు వైద్యుని మన మొప్పుకొనము. దోషము చూడక భాగము మార్చు మేస్త్రీని మాత్ర మేల యొప్పుకొనవలెను?